పైబావ, కిందిబావ

"వేళ్ళ మీద లెక్కపెట్టండమ్మా. నోటితో అయితే పక్కవాళ్ళ లెక్క తప్పుతుంది" అని రోజూ చెప్పే మాటే మళ్ళీ చెప్పి, పైబావ ఎర్రగుడ్డ కట్టిన పొడుగాటి కర్రను భుజానికి ఆనించుకుని కిటికీ పక్కన తన చోట నిలబడ్డాడు.

కోటలో అన్నిటికంటే ఎత్తున ఉన్న మండపం అది. మూడువందల ఎనభై మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన ఎనిమిదిమంది సందర్శకులు కిటికీ దగ్గర గుంపుగా చేరి, చెవులు రిక్కించి కిందికి వంగారు. పైబావ మాత్రం కిందికి చూడలేదు. వాళ్ళ చేతుల వంక చూస్తున్నాడు. ముందుగా ఒక లావుపాటావిడ వేలు మడిచింది. ఆ వెంటనే ఆమె పక్కనున్న అందరి వేళ్ళూ మడుచుకున్నాయి. రెండు, మూడు, నాలుగు. నాలుగు దగ్గర ఆగాయి. పైబావ కర్రను కిటికీలోంచి చాచి ఎర్రగుడ్డను నాలుగుసార్లు ఊపాడు. ఎక్కడో పాతాళంలో ఉన్నట్టున్న కోట గుమ్మం ముందు, చీమల్లాంటి మనుషులు చేతులెత్తి గంతులేశారు.

"అబ్బ, పక్కనే కొట్టినట్టు వినబడిందండీ!" అంది లావుపాటావిడ. ఎదురుగా నిలబడి అంది కాబట్టి పైబావకి ఆ మాట తెలిసింది. సగం చెవితో, సగం ఆమె పెదవులతో.

ఆ కోటకి వచ్చినవాళ్ళు అంతఃపురాలు చూసినా చూడకపోయినా ఈ చప్పట్ల వింత చూడకుండా పోరు. గుమ్మం మీది గుమ్మటం కింద ఒక నల్లరాయి ఉంది. దాని మీద నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడలు పట్టుకుని పాకి కొండ మీది మండపం దాకా వస్తుంది. శత్రువు వచ్చిన కబురు రాజుకి అలా చేరేదట. ఇప్పుడు రాజూ లేడు, శత్రువులూ టికెట్టు కొనుక్కునే వస్తున్నారు. కింద గుమిగూడినవాళ్ళు ఒకటి మొదలు పదిలోపు ఏదో ఒక అంకె చెబుతారు. గుమ్మటం కింద మనిషి అన్ని చప్పట్లు కొడతాడు. మండపంలో మనిషి విని, అన్నిసార్లు గుడ్డ ఊపుతాడు. జేబులో ఫోను పెట్టుకుని తిరిగే జనం ఈ మాత్రం దానికి నోళ్ళు వెళ్ళబెట్టడం పైబావకి ముప్పై ఒక్కేళ్ళుగా ముచ్చటగానే ఉంది.

కింద చప్పట్లు కొట్టేది ఆయన బావమరిది. భార్యకి స్వయానా తమ్ముడు. లెక్కప్రకారం ఒక్కరే బావ కావాలి. కానీ ఆ తమ్ముడు రోజంతా "మా బావ విన్నాడా, మా బావ ఊపాడా" అని అనీ అనీ ఆ మాట అతనికే అంటుకుపోయింది. కోటలో పనిచేసేవాళ్ళందరికీ పైనున్నాయన పైబావ, కిందున్నాయన కిందిబావ.

ఉద్యోగం మొదట దొరికింది పైబావకే. ఆ రోజుల్లో ఆయన చెవులు అలాంటివి. పక్క గదిలో పాలు పొంగబోతున్నాయని పొంగకముందే చెప్పేవాడు. కొత్తగా పెళ్ళయిన పెళ్ళాం వంటింట్లో తనలో తను అనుకున్న తిట్లు కూడా వినేసి, మధ్యాహ్నం అన్నం దగ్గర ఒక్కొక్కటే అప్పజెప్పేవాడు. ఏడాది తిరక్కుండా కింద చోటు ఖాళీ అయితే, పనీపాటా లేకుండా తిరుగుతున్న బావమరిదిని తెచ్చి నల్లరాయి మీద నిలబెట్టాడు. "చప్పట్లు కొట్టడం కూడా ఉద్యోగమేనా బావా?" అన్నాడు అతను. "నీ చదువుకి అదే ఎక్కువ, కొట్టు" అన్నాడు ఈయన.

ఇద్దరి మధ్యా కొండంత దూరం ఉన్నా, పైబావకి ఆ చేతుల్లోంచి తెలియని సంగతి ఉండేది కాదు. జ్వరం వచ్చిన రోజు చప్పట్లు నీరసంగా, తడిగుడ్డ ఉతికినట్టు వచ్చేవి. ఎవరితోనో పోట్లాడి వచ్చిన రోజు పటపటమని పేలేవి. ఒకసారి ఒక సైకిలు గురించి బావా బావమరుదులిద్దరికీ మాటలు పోయాయి. ఎనిమిది నెలలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చప్పట్లు మాత్రం ఆగలేదు, గుడ్డా ఆగలేదు. "మీరిద్దరూ మాట్లాడుకోకపోవడమేమిటి, రోజుకి ఇరవైసార్లు మాట్లాడుకుంటూనే ఉన్నారుగా" అని పైబావ భార్య నవ్వేది. ఆమెకి కూతురు పుట్టిన కబురు ఆసుపత్రి నుంచి ముందు గుమ్మానికే వచ్చింది. సందర్శకులు రెండు అని చెబితే కిందిబావ ఆపకుండా కొట్టాడు. పదీ ఇరవై ముప్పై దాటిపోయాయి. పైబావ గుడ్డ పక్కన పడేసి మెట్లన్నీ ఒక్క పరుగున దిగాడు.

అలాంటి చెవులు నాలుగేళ్ళ కిందట మెల్లమెల్లగా సెలవు పుచ్చుకున్నాయి. ముందు పిట్టలు పోయాయి. తర్వాత మండపంలో గాలి ఈల పోయింది. చప్పట్లు పలచబడితే పైబావ తప్పు చెవులదని ఒప్పుకోలేదు. "ఏరా, తిండి తినడం లేదా? గట్టిగా కొట్టు" అని బావమరిదినే కసిరాడు. ఏడాదిపాటు కసిరాడు. ఆఖరికి అవీ వినబడడం మానేశాయి. అప్పటినుంచే ఈ వేళ్ళ లెక్క. గోడలకి చెవులుంటాయంటారు, ఆ మండపంలో ఉన్నవి గోడలకే. ఇంట్లో ఆవిడ గట్టిగా మాట్లాడుతుంది గనక, ఆమె ఎప్పుడూ అంతే గట్టిగా మాట్లాడేది గనక, అక్కడ చిక్కు రాలేదు. ఆమెకి తెలుసో లేదో అడిగే ధైర్యం ఆయనకి లేదు.

పదవీ విరమణకి ఇంక పది నెలలుంది. ఈ పది నెలలూ ఎవరికీ తెలియకుండా కొండ మీదే గడిచిపోతే చాలు. తెలిస్తే కిందికి దించేసి, ఆఫీసు గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి కాగితాలకి ముద్రలు కొట్టమంటారు. మండపం లేకపోతే తను ఎవరికీ ఏమీ కానని ఆయనకి భయం.

అనుకున్నంతా అయింది. పోయిన వారం ఒక పెద్దమనిషి కిటికీ దగ్గర నిలబడి, మనవరాలి పెళ్ళికి పిలవాల్సిన చుట్టాలను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. కింద కొట్టినవి రెండు. పైబావ గుడ్డ తొమ్మిదిసార్లు ఊగింది. కిందున్నవాళ్ళలో ఎవరో ఆఫీసుకి ఉత్తరం రాశారు. నిన్న సాయంత్రం గేటు దగ్గర టికెట్లిచ్చే టికెట్లమ్మ ఆయన మొహంలో మొహం పెట్టి చెప్పింది: "రేపు మూడింటికి ఆఫీసరమ్మ మండపానికొస్తుంది. అప్పుడు పైకి ఎవర్నీ పంపొద్దన్నారు. నువ్వూ ఆవిడే." పైబావకి రాత్రి అన్నం సయించలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ తినేది మెట్ల మధ్యలో. అది ముప్పై ఏళ్ళ ఒప్పందం. పైబావ నూట తొంభై దిగుతాడు, కిందిబావ నూట తొంభై ఎక్కుతాడు, ఎవరూ ఎవరికీ రుణపడరు. కిందిబావకి పెళ్ళీ పెటాకులూ లేవు. గుమ్మానికి దగ్గర్లో ఒంటి గదిలో ఉంటాడు. అక్క ఇద్దరికీ కలిపి కట్టిన క్యారియరు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. ఇవాళ అతను రావడం ఆలస్యమైంది. వచ్చి, గోడ పట్టుకుని చాలాసేపు నిలబడి, తర్వాత బావకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. రెండేళ్ళుగా ఎప్పుడూ ఎదురుగానే కూర్చుంటున్నాడు. నోట్లో ముద్ద పూర్తిగా మింగాకే మాట్లాడుతున్నాడు. వయసు మీదపడి వీడికి మర్యాద తెలిసొచ్చిందని పైబావ అనుకున్నాడు.

జేబులోంచి చెంచా తీశాడు కిందిబావ.

"ఆఫీసరమ్మ వస్తోందని దొరవేషాలా?" అన్నాడు పైబావ.

"వేలికి ముల్లు గుచ్చుకుంది బావా."

"నెల్రోజుల్నించీ గుచ్చుకునే ఉందా?"

"మంచి ముల్లు. నన్ను వదలనంటోంది."

ఇద్దరూ కాసేపు తిన్నారు. పైబావ చెప్పాలనే వచ్చాడు. మెట్లు దిగుతూ మాటలు కూడా కూర్చుకున్నాడు. ఒరేయ్, నాకు వినబడడం లేదు, మూడేళ్ళయింది. ఇంతే. బావమరిది చేతుల గుట్టంతా చెవులతో కనిపెట్టే బావగా ఇతని ముందు ముప్పై ఏళ్ళు బతికాడు. ఇప్పుడు ఏ మొహంతో చెప్పడం?

"నీకో మాట చెప్పాల్రా" అన్నాడు ఆఖరికి.

"చెప్పకు. కూరలో ఉప్పు తక్కువైందంటావు. అక్క నిన్నేమీ అనదు, సాయంత్రం నన్ను తిడుతుంది." చెంచా పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, కిందిబావ నెమ్మదిగా అన్నాడు: "నేనే ఒకటి చెబుతా విను. ఇవాళ మూడింటికి ఎంత కొట్టమన్నా సరే, నేను కొట్టేది మూడే. నాలుగోది నావల్ల కాదు. ఇంకోటి. నా కాళ్ళ దగ్గర కాసిని గింజలు చల్లుకుంటాను. పావురాలన్నీ చేరతాయి. చప్పుడుకి ఒక్కసారిగా గుమ్మంలోంచి లేస్తాయి. పైనుంచి చూడు, భలే ఉంటుంది."

"పరీక్ష పెట్టుకుని పావురాల సరదా ఏమిట్రా నీకు!"

"ఊరికే. చూడు బావా. చూస్తావుగా?"

చూస్తానన్నాడు. క్యారియరు గిన్నెలు సర్దుకుని లేచేటప్పుడు అతను, రోజూ సాయంత్రం అడిగేది ఇవాళ ముందే అడిగాడు. "పొద్దున్న ఎలా వినబడింది?"

"గంట కొట్టినట్టు" అన్నాడు పైబావ, రోజూలాగే.

కిందిబావ తృప్తిగా తలూపి, ఒక్కో మెట్టుకీ ఆగుతూ దిగిపోయాడు.

ఆఫీసరమ్మ మూడింటికి ఐదు నిమిషాల ముందే వచ్చింది. చిన్నవయసు మనిషి, మంచిగానే పలకరించింది. ఆమె వెళ్ళి కిటికీ నిండా, ఆయనకి వీపు పెట్టి నిలబడింది. మొహం కనబడదు, వేళ్ళు కనబడవు. కనబడేది కొప్పు ఒక్కటే. కొప్పు ఏం చెబుతుంది? ఎన్ని కొట్టాలో కింద ఉన్న తన మనిషి ఇష్టమని, ఆ అంకె తనకీ తెలియదని ముందే చెప్పింది.

ఇప్పుడే కొట్టాడా? కొట్టేశాడా? ఇంకా కొట్టలేదా? ఆమె భుజం పక్కనుంచి కోట గుమ్మం, దాని ముందు బూడిదరంగు మరకలాగా పావురాల గుంపు కనబడుతున్నాయి. భలే ఉంటుందన్నాడు వీడు, ఇక్కడ నా ప్రాణం పోతుంటే అనుకున్నాడు. అనుకుంటుండగానే ఆ మరక చెదిరింది. పావురాలన్నీ ఒక్క ఊపున గుమ్మంలోంచి పైకి లేచాయి.

పైబావ చేతులు ఆయన్ని అడగలేదు. గుడ్డ ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ఊగి ఆగింది.

ఆఫీసరమ్మ వెనక్కి తిరిగింది. నవ్వుతోంది. "మూడే. నాకూ మూడే వినబడ్డాయి" అంది. ఇంతలో ఆమెకి ఫోను వచ్చింది. మాట్లాడుతున్న కొద్దీ ఆమె నవ్వు తగ్గింది. ఫోను పెట్టేసి, పెద్దాయనకి చెప్పాలి కదా అన్నట్టు దగ్గరికొచ్చి చెప్పింది. "మీ చెవులు పాముచెవులండీ. కిందాయనే... ఏడు కొట్టమంటే మూడు కొట్టి చేతులు దించేశాడట. ఇంకా కొట్టమంటే తల అడ్డంగా ఊపాడట. ఆ ఉత్తరంలో రాసిన తప్పు కూడా ఆయనదే అయ్యుంటుంది. పాపం, వయసైపోయింది. రేపటినుంచి ఆయనకి ఆఫీసులో ఏదైనా కూర్చునే పని చూస్తాం."

అప్పుడు తెలిసింది పైబావకి. పావురాలెందుకో, మూడెందుకో, ఎదురుగా కూర్చోవడమెందుకో, ముద్ద మింగాక మాట్లాడడమెందుకో, అంతా ఒక్కసారిగా తెలిసింది. అమ్మా, తప్పు నాది, నేను చెవిటివాణ్ణి అనాలి. నోరు తెరిచాడు. ఆమె ఒక నిమిషం చూసి, సంతోషంతో మాట రావడం లేదేమో అనుకుని, ఆయన చెయ్యి తట్టి మెట్లు దిగింది. పైబావ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. పిరికితనానికి వేరే పేరు పెట్టుకోవడానికి కూడా ఆయనకి మనసొప్పలేదు.

నాలుగు దాటాక మళ్ళీ జనాన్ని పైకి వదిలారు. పైబావ గచ్చు మీద కూర్చుని నిశ్చయించుకున్నాడు. ఐదింటికి ఆఖరి చప్పట్లు. అవి కాగానే దిగి, ముందు వాడి దగ్గరికి, ఆ తర్వాత ఆఫీసరమ్మ దగ్గరికి. స్టూలు మీద కూర్చునేది నేనే, వాణ్ణి నల్లరాయి మీద ఉండనివ్వండి అని చెప్పాలి. వాడికి మాత్రం ఇంకేం చెప్పాలో తోచలేదు. నీ చేతులు నాకు మూడేళ్ళుగా వినబడడం లేదురా, అదే నా బాధంతా అని చెబితే చాలుననిపించింది.

ఐదింటికి కిటికీ దగ్గర ఆరుగురున్నారు. "వేళ్ళ మీద లెక్కపెట్టండమ్మా" అన్నాడు. ఆరుగురూ వేళ్ళు చాచి, చెవులు రిక్కించి నిలబడ్డారు.

ఒక్క వేలూ మడవలేదు.

కాసేపాగి ఒకతను వెనక్కి తిరిగి పెదవి విరిచాడు. ఒకావిడ చెవి రుద్దుకుని మళ్ళీ వంగింది. పైబావ వాళ్ళ మధ్యలోంచి తోసుకుని కిటికీలోంచి తొంగిచూశాడు. గుమ్మం ముందున్న చీమలన్నీ నల్లరాయి వైపే పరుగెత్తుతున్నాయి. ఆయన కర్ర చాచి, ఎందుకో తెలియకుండానే, గుడ్డను ఒక్కసారి ఊపాడు. ఉన్నాన్రా అన్నట్టు. ఆ తర్వాత కర్ర అక్కడే పడేసి మెట్ల వైపు పరుగెత్తాడు.

కూతురు పుట్టిన రోజు ఈ మెట్లు కాళ్ళకి తగల్లేదు. ఇవాళ ప్రతి మెట్టూ తగిలింది.

కిందిబావ గుమ్మటం కింద, స్తంభానికి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఎవరితోనో కబుర్లు చెబుతూ మధ్యలో కునుకు తీసినట్టు తల ఒక పక్కకి వాలి ఉంది. కోట ఆసుపత్రి గదిలో ఉండే నర్సమ్మ అతని మణికట్టు వదిలేసి లేచి నిలబడింది. పైబావకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. జనం దారిచ్చారు. ఆయన ఎదురుగా, సరిగ్గా ఎదురుగా, మోకాళ్ళ మీద కూర్చుని బావమరిది చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"నాకు వినబడదురా" అన్నాడు. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందో ఆయనకి తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. "మూడేళ్ళయిందిరా."

టికెట్లమ్మ ఆయన పక్కన కూలబడింది. గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని చెప్పింది. "ఆయనకి తెలుసు పైబావా. మాకందరికీ చెప్పాడు, బావతో ఎదురుగా నిలబడి మాట్లాడండని. ఎవరైనా నోరు జారితే చంపేస్తానన్నాడు."

"వాడికెలా తెలుసు?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నువ్వు గట్టిగా కొట్టు, గట్టిగా కొట్టు అన్నావటగా. కొట్టీ కొట్టీ చేతులు పాడు చేసుకున్నాడు. డాక్టరు ఇంక చప్పట్లు కొట్టొద్దన్నాడు. అప్పట్నించీ చెక్కలతో కొడుతున్నాడు. మొదటిరోజు నాతో అన్నాడు, చెక్క చప్పుడు వేరు, మా బావ ఇట్టే పట్టేస్తాడు, సాయంత్రం చీవాట్లు తప్పవు అని. సాయంత్రం నిన్ను అడిగొచ్చాడు, ఎలా వినబడిందని."

పైబావ అడగలేదు, తనేం జవాబు చెప్పాడని.

"వచ్చి ఇక్కడే కూర్చుని ఏడ్చాడు" అంది టికెట్లమ్మ. "ఇవాళ ఆఫీసరు మనిషి పక్కన ఉన్నాడని చెక్కలు తియ్యకుండా ఉత్త చేతులతోనే కొట్టాడు. మూడు చప్పట్లకే కళ్ళనీళ్ళు తిరిగాయి."

ఇంటికెళ్ళి వాడి అక్కకి చెప్పాలి. ఆమెకి ఒక్కడే తమ్ముడు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె ఏడుపు ఎంత గట్టిగా ఉన్నా తనకి సగమే వినబడుతుందని తలుచుకుంటే పైబావకి దుఃఖం ఆగలేదు. స్ట్రెచరు తెచ్చారు. చేతులు వదలమని ఎవరో భుజం తట్టారు. ఆయన కందిన ఆ అరచేతులను ఒకదాని మీద ఒకటి మెల్లగా, చప్పుడు కానంత మెల్లగా పెట్టి లేచాడు. అతన్ని ఎత్తుకుని గుమ్మం దాటించారు. జనం వెనకే వెళ్ళారు.

అతను ఆనుకున్న స్తంభం వెనక, నల్లరాయికి అటువైపు, రెండు చెక్కముక్కలు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. అరచేతి పొడవున్నాయి, కొట్టే వైపు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. వేళ్ళు దూర్చుకోవడానికి సైకిలు ట్యూబు కోసి మేకులతో కొట్టుకున్న పట్టీలు ఇంకా అణగిపోలేదు, ఆ వంకర వేళ్ళు లోపలే ఉన్నట్టు ఉబ్బెత్తుగా నిలబడి ఉన్నాయి.